బుధవారం వాన

"ఆగండి! ఆ తొట్టి మీద చెయ్యి వెయ్యకండి. లోపల భోజనాలు జరుగుతున్నాయి."

గుమ్మం దాటి వచ్చిన యువకుడు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయాడు. అటూ ఇటూ చూశాడు. రేకుల షెడ్డులో ఆరు నీలం తొట్లు ఉన్నాయి. వాటిలో గాలి బుడగలు గుబగుబలాడుతున్నాయి. మూలన కుర్చీలో ఒక పెద్దావిడ పుస్తకం చదువుకుంటోంది. భోంచేస్తున్నవాళ్ళు మాత్రం ఎవరూ కనబడలేదు.

"ఎవరి భోజనాలండీ?"

"రొయ్యలవి. ఒక్కో తొట్టిలో రెండు వేల మంది. మీరు టక్కుమని ఒక్క దెబ్బ వేశారంటే అందరూ ముద్ద వదిలేసి మూలలకి పారిపోతారు. మళ్ళీ పావుగంట దాకా మూతి విప్పరు."

అలా అన్న అమ్మాయి రెండు తొట్ల మధ్య నేల మీద చతికిలబడి ఉంది. ఒళ్ళో వైర్ల ఉండ, జుట్టు ముడిలో స్క్రూడ్రైవరు. అతన్ని పైనుంచి కిందికి ఒక్కసారి చూసింది.

"గాలి మోటారు చెడిపోయిందని ఫోన్ చేసి మూడు రోజులైంది. ఇప్పుడా రావడం? షూస్ అక్కడ విప్పండి. చేతులు కడుక్కోండి. ముందా మేత బస్తా ఇటు జరపండి."

"కాదండీ, నేను..."

"మాటలు తర్వాత."

అతను షూస్ విప్పాడు, చొక్కా చేతులు మడిచాడు, బస్తా జరిపాడు. రెండు బకెట్లు మోశాడు. ఆమె పట్టుకోమన్న వైరు పట్టుకున్నాడు, వదలమన్నప్పుడు వదిలాడు. చివరికి మోటారు దగ్గర కూర్చుని మూత విప్పి, ఫిల్టరులో పట్టిన నాచు గీకి పారేశాడు. మోటారు గుర్రుమంది.

"ఫర్వాలేదే, పని వచ్చు," అందామె.

అతను తడి చేతులు జేబు రుమాలుతో తుడుచుకుని, సంచిలోంచి ఒక ఫైలు తీశాడు. "ఇక్కడో సంతకం కావాలండీ."

"రిపేరుకా?"

"కాదు. మీ పరిశోధనకి ప్రభుత్వం తరఫున తనిఖీదారుగా నన్ను వేశారు. ఇవాళ్టి నుంచి ప్రతి బుధవారం నాలుగింటికి వస్తాను. తొట్టి లోపల ఏముందో చూద్దామని చెయ్యి పెట్టబోయాను, అంతే."

మూలన పుస్తకం కిందికి దిగింది. పెద్దావిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీ కిర్రుకిర్రుమనేలా నవ్వుతోంది.

"అత్తా! నీకు తెలుసా?"

"మెళ్ళో కార్డు వేలాడుతోందిగా, చదివాను. బస్తా జరిగేదాకా ఆగుదామనుకున్నానే. నా నడుం కూడా చూడాలిగా."

ఆ షెడ్డులో నడిచే సంస్థకి ఉద్యోగులు ఆ ఇద్దరే, ఆ అమ్మాయీ, ఆమె మేనత్తా. చిన్న సంస్థలు కొత్త పరికరాలు కనిపెట్టడానికి ప్రభుత్వం డబ్బిచ్చే పథకం ఒకటి ఉంది. చేపలు, పంటలు, యంత్రాలు అంటూ వచ్చిన గుట్టల కొద్దీ దరఖాస్తుల్లోంచి అమ్మాయి యంత్రాన్ని కూడా ఎంచారు. దాని అసలు పేరు దరఖాస్తులో రెండు వరుసలు పట్టింది. అత్త దాన్ని 'చెవి' అనేసింది. ఆ పేరే నిలిచింది.

రొయ్య మేత కొరికినప్పుడు చిటుక్కుమని సన్నని చప్పుడు వస్తుంది. చెవి నీళ్ళలో మునిగి ఆ చిటుకులు వింటుంది. చిటుకులు జోరుగా ఉంటే మేత వదులుతుంది, తగ్గితే ఆపేస్తుంది. మేత మిగిలి కుళ్ళదు, నీళ్ళు పాడవవు. ఎప్పుడు ఎంత తిన్నాయో గ్రాఫు గీసి, శుక్రవారం శుక్రవారం తనంతట తానే ఆఫీసుకి పంపిస్తుంది.

మొదటి దశ ఆరు నెలలు. చెవి సరిగ్గా వింటోందని తేలితే రెండో దశ వస్తుంది, నిజమైన చెరువుల్లో పెట్టి చూడొచ్చు. తేలకపోతే షెడ్డు ఖాళీ చేసి, దూరపు ఊళ్ళో మేత కంపెనీ ఇస్తానన్న ఉద్యోగానికి అమ్మాయి వెళ్ళిపోవాలి. అక్కడ కంపెనీ ఇచ్చేది ఒక్కరు పట్టే గది. అత్తకి ఆ గది సంగతి తెలుసు. తెలిసినట్టు ఎప్పుడూ మాట్లాడదు.

సంతకానికి ముందు అతను ఇంకో కాగితం తీశాడు. "ఇది సంబంధ ప్రకటన పత్రం. తనిఖీ చేసేవాడికీ చేయించుకునేవాళ్ళకీ ఏ సంబంధమూ ఉండకూడదు. బంధుత్వం: లేదు. స్నేహం: లేదు. వ్యాపారంలో వాటా: లేదు."

"శత్రుత్వానికి గడి లేదా?" అంది అమ్మాయి. బస్తా మోయించిన సిగ్గు ఆమెలో ఇంకా చల్లారలేదు.

"లేదండీ. కావాలంటే పక్కన గీసుకోవచ్చు."

"వద్దులెండి, తనిఖీగారూ. ఇంకా ఆరు నెలలుందిగా."

"వీటిలో ఏది మారినా పది రోజుల్లో ఆఫీసుకి తెలియజెయ్యాలి, ప్రొప్రైటర్ గారూ."

ఆ రోజు నుంచి ఆమె అతనికి ప్రొప్రైటర్ గారు. అతను ఆమెకి తనిఖీగారు.

షూస్ వేసుకుని "మరి వెళ్తానండీ," అన్నాడతను.

"ఏయ్ అబ్బాయ్!" అత్త కుర్చీలోంచి గభాలున లేచింది. "ఆ మాట ఇక్కడ అనకు. వస్తానని చెప్పు."

"వచ్చే బుధవారం ఎలాగూ వస్తానుగా అండీ?"

"వస్తే వస్తావు. ముందు నోటితో అను."

"వస్తాను," అన్నాడతను, ఎందుకో తెలియకపోయినా.

అత్త గుమ్మంలో నిలబడి, అతను వీధి మలుపు తిరిగేదాకా చూసింది. ఎవరు వెళ్ళినా అంతే. పాలవాడు వెళ్ళినా అంతే. ఆమె భర్త ఒకప్పుడు 'వెళ్తున్నా' అని వెళ్ళాడు, ఆమె అన్న, అంటే ఈ అమ్మాయి తండ్రి, ఇంకొకప్పుడు అదే మాట అని వెళ్ళాడు. ఇద్దరూ తిరిగి రాలేదు. ఇద్దరి వీపులూ ఆమె సరిగ్గా చూసుకోలేదు. ఆ తర్వాత ఏ వీపునీ వదల్లేదు.

* * *

మొదటి నాలుగు బుధవారాలూ అతను తనిఖీదారులాగే ప్రవర్తించాడు. ఉప్పుశాతం చూశాడు, వేడి చూశాడు, రాసుకున్నాడు. ఆమె ఇచ్చిన టీ మాత్రం తాగలేదు.

"టీలో కూడా సంబంధం ఉందా?" అందామె.

"నిబంధనల్లో 'ఆతిథ్యం' అని ఒక మాట ఉందండీ."

"అత్త పెట్టిన టీని ఆతిథ్యం అన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. తాగి చూడండి, మీకే తెలుస్తుంది."

తాగాడు. ముఖంలో కండరం ఒకటి కదిలింది. "నిజమే. ఇది ఆతిథ్యం కిందికి రాదు."

"వినబడుతోంది నాయనా," అంది అత్త పుస్తకంలోంచి.

ఐదో బుధవారం వాన పట్టుకుంది. మామూలు వాన కాదు, రేకుల మీద ఎవరో బస్తాల కొద్దీ గులకరాళ్ళు కుమ్మరిస్తున్నట్టుంది. ఎదురెదురుగా నిలబడి అరిచినా ఒకరి మాట ఒకరికి వినపడలేదు. అతను ఏదో అడిగాడు. ఆమె ఉప్పు డబ్బా ఇచ్చింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె కుర్చీ ఇచ్చింది. చివరికి మేత లెక్క రాసే బోర్డు తీసి అతని చేతిలో పెట్టింది.

అతను రాశాడు: 'వాన తగ్గాక వెళ్తాను.' అత్త చూపు తగిలి, చివరి మాట చెరిపి 'వస్తాను' అని దిద్దాడు.

ఆమె కింద రాసింది: 'తగ్గకపోతే?'

అతను చాలాసేపు ఆలోచించి రాశాడు: 'ఆ అంశం నా పరిధిలో లేదు.'

ఆమె నవ్వింది. నవ్వు వినపడలేదు, కనపడింది. అతను ఆ నవ్వు వినపడనందుకు వాన వైపు కోపంగా చూశాడు. బోర్డు మీద ఒక ముఖం గీశాడు, కింద 'అత్తగారి టీ తాగిన రొయ్య' అని రాశాడు. ఆమె ఇంకో ముఖం గీసి, మెళ్ళో కార్డు తగిలించింది. గంటన్నర అయింది. బోర్డంతా నిండిపోయింది. అత్త ఒక్క పేజీ కూడా తిప్పలేదు.

ఆ సాయంత్రం చెవి గీసిన గ్రాఫులో నాలుగింటి నుంచి ఐదున్నర దాకా పెద్ద గుంట పడింది. రొయ్యలు తినలేదు. పక్కన 'కారణం' అనే గడి ఉంటుంది, అది మనిషే నింపాలి. ఆమె 'వాన' అని రాసింది. అక్షరాలా నిజం.

ఆరో బుధవారం ఎండ కాసింది. అయినా గుంట పడింది.

ఆమె చెవిని నీళ్ళలోంచి తీసింది, తుడిచింది, వైర్లు మార్చింది, మళ్ళీ ముంచింది. గురువారం బాగుంది, శుక్రవారం బాగుంది. ఏడో బుధవారం మళ్ళీ గుంట. ఈసారి ముందుకంటే వెడల్పు.

"చెవికేదో అయింది అత్తా. వారానికోసారి వినపడట్లేదు."

"చెవి బంగారంలా ఉంది. నిన్న ఆ అబ్బాయి తొట్టి అంచు మీద కూర్చుని గంటసేపు కాళ్ళూపాడు. పెన్నుతో తాళం వేశాడు. నువ్వు వాడి మాటలకి నవ్వుతూ ఆ తొట్టినే చరిచావు, ఒకసారి కాదు, ఇరవైసార్లు. నేను అన్నం తింటుంటే ఎవరైనా నా కంచం మీద అలా చరిస్తే నేను మాత్రం తింటానా?"

అమ్మాయి ముఖం ఎర్రబడింది. "నేను చరచలేదు."

"సరే, ఆ గ్రాఫే అబద్ధాలాడుతోంది."

ఎనిమిదో బుధవారానికి ఆమె తొట్లకి పది అడుగుల దూరంలో అతనికి ఒక కుర్చీ వేసింది. "ఇకనుంచి ఇక్కడే కూర్చోవాలి. కొత్త నియమం."

"కారణం?"

"రొయ్యలకి మీరంటే మొహమాటం."

అతను బుద్ధిగా కూర్చున్నాడు. పది నిమిషాల తర్వాత ఆమె చెప్పేది సరిగ్గా వినపడక కుర్చీ ఒక అడుగు జరిపాడు. కుర్చీ కాలు సిమెంటు నేల మీద కీచుమంది. ఇంకాసేపటికి ఇంకో అడుగు, ఇంకో కీచు. ఐదింటికి కుర్చీ తొట్టిని ఆనుకుని ఉంది. గుంట గంటా నలభై నిమిషాలు.

కారణం గడి ఖాళీగా ఉంటే గ్రాఫు ఆఫీసుకి వెళ్ళదు. 'తనిఖీగారు నవ్వించారు' అని రాయడానికి లేదుగా. రాస్తే అతని ఉద్యోగానికి ఏమవుతుందో! 'యంత్ర లోపం' అని రాస్తే రెండో దశ మీద నీళ్ళు వదులుకోవాలి. ఆమె పెన్ను పట్టుకుని బయటి ఎండని చూసింది. కిందటివారాలు రాసిందే మళ్ళీ రాసింది: వాన.

మొదటిసారి నిజం. రెండోసారి తోచక రాసింది. మూడోసారి నుంచి అది అబద్ధమని ఆమెకి తెలుసు. తెలిసీ రాసింది.

ఆ బుధవారాలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఒకనాడు అతను పొరపాటున "అత్తయ్యా, టీ ఉందా?" అన్నాడు.

"అత్తయ్యా?" అంది అత్త కళ్ళజోడు పైకి తోసి. "ఆ పిలుపు ఏ గడిలోకి వస్తుంది అబ్బాయ్?"

అతను తడబడ్డాడు. "అంటే, ప్రొప్రైటర్ గారు అలా పిలుస్తారు కదా అని..."

"అది అత్తా అంటుంది. నువ్వు అత్తయ్యా అన్నావు. నా చెవి కూడా బాగానే పనిచేస్తుంది."

అమ్మాయి తొట్టి మీదికి వంగి, అందులో లేని రొయ్యని దేన్నో వెతికింది.

అత్త గుమ్మంలో నిలబడి చూసే బుధవారాల్లో, పద్నాలుగో వారం నుంచి ఆమె పక్కన ఇంకొకరు కూడా నిలబడసాగారు. మలుపు దగ్గర అతను వెనక్కి తిరిగేవాడు. అత్త చెయ్యి ఊపేది. అమ్మాయి జుట్టు సరిచేసుకునేది. ముందు లేని అలవాటు అది.

* * *

ఇరవై మూడో బుధవారం అతను చివరి నివేదిక కోసం గ్రాఫులన్నీ ఒక్కసారి చూపించమన్నాడు. ఆమెకి వద్దనాలనిపించింది. అయినా తెచ్చి ఇచ్చింది.

అతను ఒక్కో కాగితమే తిప్పాడు. ఐదో వారం దగ్గర నవ్వుకున్నాడు. ఆరు దగ్గర కనుబొమలు ముడిపడ్డాయి. పది దగ్గరికొచ్చేసరికి నవ్వు లేదు.

"కిందటి వారానికి పద్దెనిమిది బుధవారాలు వాన కురిసిందా, ప్రొప్రైటర్ గారూ?"

"అక్కడక్కడా."

"నేను ప్రతివారం ఎండలో చెమటలు కక్కుకుంటూ వచ్చాను. ఒక్కసారే తడిశాను." అతను కాగితం కింద పెట్టాడు. "ఇది అబద్ధం. మీ యంత్రం ఒక్కటి కూడా తప్పు వినలేదు. తప్పంతా ఈ గడిలో ఉంది. దీని మీద నేను సంతకం పెట్టలేను."

"ఏమని రాయమంటారు? మీరొచ్చారని రాయనా? మీరొస్తే నేను పని మానేసి నవ్వుతూ కూర్చున్నానని రాయనా?"

"అవును. అదే రాయాలి."

"రాస్తే మీకేమవుతుందో తెలుసా?"

"నాకేమవుతుందో నేను చూసుకుంటాను. నన్ను కాపాడమని మిమ్మల్ని అడిగానా?"

"అడగక్కర్లేదు. కొన్ని పనులు అడక్కుండానే చేస్తారు మనుషులు. గడులు తప్ప మీకేం తెలుసు?"

అతను ఫైలు మూశాడు.

"వెళ్తున్నాను," అన్నాడు.

అత్త కుర్చీ కిర్రుమంది. కానీ ఆవిడ ఈసారి ఏమీ అనలేకపోయింది. ఆ మాట ఆవిడకి పాత చోటే తగిలింది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అతను మలుపు దాటేశాడు. వెనక్కి తిరిగాడో లేదో తెలియలేదు.

తర్వాతి బుధవారం నాలుగైంది, ఐదైంది. ఎవరూ రాలేదు. ఆఫీసు నుంచి ఒక కబురు మాత్రం వచ్చింది: తనిఖీదారుని మార్చడమైనది, తుది సమావేశానికి వచ్చే సోమవారం హాజరు కాగలరు.

"నా మీద ఫిర్యాదు చేసి తప్పుకున్నాడు," అంది అమ్మాయి.

"ఫిర్యాదు చేసేవాడు అంత నెమ్మదిగా గేటు వెయ్యడే," అంది అత్త.

ఆనాటి గ్రాఫులో గుంట లేదు. గీత చక్కగా, నున్నగా సాగిపోయింది. రొయ్యలు ఆరు నెలల్లో ఎప్పుడూ తిననంత శుభ్రంగా తిన్నాయి. షెడ్డులో ఆ రోజు అన్నం ముట్టనిది ఆమె ఒక్కతే.

* * *

సమావేశం మూడో అంతస్తులో. పొడుగాటి బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో నెరిసిన జుట్టుతో అధ్యక్షురాలు. ఒక పక్క రొయ్యల శాస్త్రం చెప్పే ప్రొఫెసరు, ఇంకో పక్క కాగితాల మీద స్కేలు పెట్టి చూసే గణాంకాలాయన. తోడు వచ్చిన అత్త గోడవారగా కూర్చుంది. అతను లేడు. అమ్మాయి గదంతా ఒకటికి రెండుసార్లు చూసింది.

ప్రొఫెసరుకి చెవి నచ్చింది. నాలుగైదు ప్రశ్నలడిగి తల ఊపాడు. అప్పుడు గణాంకాలాయన స్కేలు కింద పెట్టాడు.

"అమ్మా, మీ వీధిలో బుధవారాలే వాన కురుస్తుందా?"

అమ్మాయి బల్ల మీది గ్రాఫుల వైపు చూసింది.

"ఐదో వారం నుంచి ఇరవై రెండో వారం దాకా పద్దెనిమిది బుధవారాలు వాన అని రాశారు. వాతావరణ శాఖ లెక్కలో వాన ఒక్క రోజే ఉంది. మిగతా పదిహేడు వానలు ఎక్కడివి? పైగా ఈ వాన సరిగ్గా నాలుగింటికి మొదలై, వారం వారం ఓ పది నిమిషాలు ఎక్కువ కురుస్తోంది. చాలా క్రమశిక్షణ గల వాన."

ప్రొఫెసరు దగ్గాడు. "పోనీ, మైకులో ఏదైనా చిన్న లోపమా? అలాంటివి జరుగుతుంటాయి. చెప్పేయండి, రాసుకుంటాం."

జాలిపడి తెరిచిన తలుపది. అవునంటే చాలు, ఎవరికీ ఏమీ కాదు. చెవికి తప్ప. ఆమె ఆరు నెలలు నీళ్ళలో ముంచి, ఎత్తి, తుడిచిన చెవి. ఒక్కసారి కూడా తప్పు వినని చెవి.

"లోపం లేదండీ," అంది. "అది సరిగ్గానే విన్నది. నేనే తప్పు రాశాను. పదిహేడు సార్లు."

"మరి నిజమైన కారణం?"

"ప్రతి బుధవారం తనిఖీదారు వచ్చేవారు. ఆయన తొట్టి అంచు మీద కూర్చునేవారు. ఏదో ఒకటి అనేవారు. నేను నవ్వి తొట్టి మీద చరిచేదాన్ని. ఆ అదురుకి రొయ్యలు మేత మానేసేవి."

"వారం వారం పది నిమిషాలు ఎందుకు పెరిగింది?" గణాంకాలాయనకి అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు.

ఆమె తల దించుకుంది. "వారం వారం... ఆయన వెళ్ళిపోకుండా ఉంటే బాగుండుననిపించేది."

గణాంకాలాయన స్కేలుని బల్ల చివరికి జరిపాడు.

"తప్పు నాది. ఆయన ఏమీ రాయించలేదు. చూసిన రోజే సంతకం పెట్టనన్నారు. రెండో దశ ఇవ్వకపోయినా ఫర్వాలేదు, యంత్రానికి మాత్రం లోపం ఉందని రాయకండి."

"ఫర్వాలేదా?" గోడవార నుంచి అత్త లేచింది. "ఫర్వాలేదంటావేమిటే? అయ్యా, ఇది ఇలాగే అంటుంది. ఇవ్వండి. పిల్ల ఒక్కసారి అబద్ధమాడింది."

"పదిహేడు సార్లండీ," అన్నాడు గణాంకాలాయన.

"ఒకటే అబద్ధం నాయనా, పదిహేడు సార్లు రాసింది. నేను పక్కనే ఉన్నాను. కావాలంటే ఆ తొట్టి చరుపులు కూడా లెక్క చెప్తాను."

అధ్యక్షురాలు నవ్వు దాచుకోవడానికి కళ్ళజోడు తుడుచుకుంది. తర్వాత ఫైలు అడుగునుంచి ఒక కాగితం తీసింది. "కూర్చోండమ్మా. ఇది కిందటి వారమే వచ్చింది. తనిఖీదారు పంపిన సంబంధ ప్రకటన పత్రం, మార్పుతో. చదువుతాను. బంధుత్వం: ప్రస్తుతానికి లేదు. స్నేహం: ఉంది, ఆ మాట సరిపోదు. మార్పు జరిగిన తేదీ..." ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "'కచ్చితంగా చెప్పలేను. దయచేసి గ్రాఫు చూడగలరు.'"

ప్రొఫెసరు ఈసారి దగ్గలేదు, పైకే నవ్వాడు.

"ఈ కారణంగా తనిఖీ నుంచి తప్పుకుంటున్నానని, పది రోజుల గడువు ఎప్పుడో దాటిందని, దానికి ఏ శిక్ష వేసినా ఒప్పుకుంటానని రాశాడు. ఒక మెమో ఇచ్చాం. చేపల చెరువుల విభాగానికి మార్చాం." ఆవిడ కాగితం దించింది. "గుంటలకి కారణం మాకు ముందే తెలుసు. మీరు చెప్తారా, యంత్రం మీదికి నెడతారా అన్నదే తెలియలేదు."

అమ్మాయి ఆ కాగితం కనబడేలా ముందుకి వంగింది.

"చివరి గడి, 'ఎదుటివారి అభిప్రాయం'. అక్కడ రాశాడు: 'అడగలేదు. ఫలితం రాకముందు అడిగితే ఒత్తిడి చేసినట్టవుతుంది.'" కాగితం ఫైలులో పెట్టేసింది. "పదిహేడు గడులూ కొట్టేసి, నిజమైన కారణం రాసి, ఒక్కోదాని పక్కన సంతకం పెట్టండి. ఇవాళే, ఇక్కడే. ఫలితం ఉత్తరంలో వస్తుంది."

ఆమె గంటసేపు కూర్చుని రాసింది. మొదటి గడిలో 'తనిఖీదారు వచ్చారు, నవ్వాను' అని రాసింది. పదిహేడో గడికి వచ్చేసరికి చెయ్యి నొప్పి పుట్టి 'నవ్వాను' అని మాత్రమే రాసింది. గణాంకాలాయన దాన్ని ఒప్పుకున్నాడు.

* * *

ఉత్తరం రెండు వారాలకి వచ్చింది. రెండో దశ వచ్చింది, అందరికీ ఇచ్చే రెండేళ్ళకి కాదు, ముందు ఒక్క ఏడాదికి. తప్పుడు రాతలకి అది జరిమానా. కొత్త తనిఖీదారు రిటైరు కావడానికి దగ్గరపడ్డ మనిషి, జోకులు వెయ్యడు, గోడ పక్కనే నిలబడతాడు. బుధవారాలు నున్నగా అయిపోయాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం మబ్బు పట్టింది. నాలుగవుతుండగా, రేకుల మీద మొదటి చినుకులు పడుతుండగా, గుమ్మంలో ఒక నల్ల గొడుగు మూసుకుంది.

అతని మెళ్ళో కార్డు లేదు. షూస్ విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"మోటారు రిపేరుకి వచ్చారా?" అంది అమ్మాయి.

"బస్తా ఏమైనా జరపాలా?"

"ఆ రోజు 'వెళ్తున్నా' అన్నారు."

"అన్నాను. మలుపు దాటాక గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి దిద్దుకుందామంటే అప్పటికింకా మీ తనిఖీదారుని." అతను జేబులోంచి మడత కాగితం తీశాడు. "ఆఫీసు నకలు. ఫైలు మూసెయ్యాలంటే ఖాళీ గడి ఉండకూడదట. అధ్యక్షురాలు పంపారు. చివరి గడి నింపించుకు రమ్మన్నారు."

"ఒత్తిడి చెయ్యడం లేదుగా?"

"లేదు. కావాలంటే పది అడుగుల దూరం నుంచి అడుగుతాను. కుర్చీ ఉందా?"

"కుర్చీ వద్దు. కీచుమంటుంది."

వాన ఒక్కసారిగా పెరిగింది. ఇక మాటలు వినపడవు. ఆమె జుట్టు ముడిలోంచి పెన్ను తీసింది. ఈసారి అక్కడ స్క్రూడ్రైవరు లేదు. కాగితం తొట్టి అంచు మీద పెట్టి, ఒక్క వరుస రాసి, అతని వైపు తిప్పింది.

'చెవి విన్నది నిజమే.'

అతను చదివాడు. మళ్ళీ చదివాడు. సంతోషం పట్టలేక అరచేత్తో తొట్టిని ఠప్పుమని చరిచాడు. లోపల రెండు వేల మంది ముద్ద వదిలేసి మూలలకి పరిగెత్తారు.

వాన కాస్త నెమ్మదించాక అతను గ్రాఫు వైపు చూపించి అన్నాడు, "ఇవాళ కారణం గడిలో ధైర్యంగా 'వాన' అని రాయొచ్చు."

"రాయను. రెండు కారణాలున్నప్పుడు ఒకటే రాస్తే అదీ అబద్ధమే. నాకు చెయ్యి నొప్పి పుట్టి తెలిసొచ్చింది."

అతను అత్త దగ్గరికి వెళ్ళి వంగాడు. "అత్తయ్యా, ఇప్పుడు ఈ పిలుపు ఏ గడిలోకి వస్తుంది?"

"బంధుత్వం గడిలోకి," అంది అత్త. "'ప్రస్తుతానికి లేదు' అని రాశావుటగా? ఆ ప్రస్తుతం తొందరగా అవగొట్టండి. నాకు ఎదురుచూపులు పడవు. మీ వాళ్ళని తీసుకురా. టీ నేను పెట్టనులే."

చీకటి పడకముందే అతను బయల్దేరాడు. గుమ్మంలో ఆగి, ఇద్దరికీ వినపడేలా, ఒక్కో అక్షరం విడివిడిగా పలికాడు. "వస్తాను."

అమ్మాయి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. అత్త మాత్రం కుర్చీలోంచి లేవలేదు. పుస్తకం తీసి పేజీ తిప్పింది.

"అత్తా! మలుపు దాకా చూడవా? ఎప్పుడూ చూస్తావుగా?"

"ఎందుకే చూడటం? మలుపు దాకా పోడు."

"ఎలా తెలుసు?"

అత్త కాలితో కుర్చీ కిందనుంచి నల్ల గొడుగుని ఒక జానెడు బయటికి నెట్టి చూపించింది. మళ్ళీ లోపలికి తోసేసింది.

బయట, నీళ్ళలో పరిగెడుతూ తిరిగొస్తున్న అడుగుల చప్పుడు వినిపించింది.